పదిహేను పాయింట్ ఆరు

సొంత అత్తగారి మీద తప్పు మోపిన కోడళ్ళు లోకంలో బోలెడంతమంది ఉంటారు. కానీ ఆ తప్పును దశాంశంతో సహా టైపు చేసి, కింద సంతకం పెట్టి, యజమాని చేతికిచ్చిన కోడలు మాత్రం ఆ కప్పుల కార్ఖానాలో లెక్కలమ్మాయి ఒక్కతే.

ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు అక్కడెవరూ లేరు. కాలేజీలో మూడేళ్ళు గణాంకశాస్త్రం చదివింది. పెళ్ళయిన ఏడాదికి, అత్తగారు పనిచేసే చోటే తనిఖీ గదిలో కుదిరింది. బట్టీలోంచి దిగిన ప్రతి పింగాణీ కప్పునూ చిన్న చెక్కపుల్లతో తట్టి చూడడం ఆమె పని. మంచి కప్పు ఖంగుమంటుంది. పిడి మొదట్లో వెంట్రుకంత పగులున్న కప్పు జలుబు చేసిన మనిషిలా పలుకుతుంది. పలుకు బాగాలేనిది పక్కకు.

మూడు నెలలుగా ఆ పక్కకు పెట్టినవి పెరుగుతూ వచ్చాయి. "ఎవరి చేతిలో తేడా ఉందో తేల్చు. చదువుకున్నదానివి కదా," అంది మేడమ్. మేడమ్ అంటే కార్ఖానా యజమానురాలు. తండ్రి చేతి నుంచి పగ్గాలు తీసుకుని ఆరేళ్ళయింది. మాట మెత్తన, నిర్ణయం గట్టి.

తేల్చడం కష్టమేమీ కాదనిపించింది లెక్కలమ్మాయికి. కప్పులకు పిడులు అతికించే బల్ల దగ్గర నలుగురు ఆడవాళ్ళు కూర్చుంటారు. పచ్చి కప్పుకు పల్చటి మట్టి జిగురు రాసి, పిడి అద్ది, తడి స్పాంజితో అంచులు సవరించి, అడుగున ఎవరి గుర్తు వాళ్ళు పెడతారు. సన్నక్కది చుక్క. నవ్వులమ్మది అడ్డగీత. కొత్తగా చేరినామెది రెండు గీతలు. అత్తగారిది బొటనవేలి గోటి నొక్కు, నెలవంకలా ఉంటుంది. నలుగురూ రోజుకు నూట ఇరవై కప్పుల చొప్పున చేస్తారు, ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు.

నెలలో ఇరవై బట్టీలు దిగాయి. పగిలిన కప్పులు సరిగ్గా వంద. నలుగురి చేతులూ ఒకలాంటివే అయితే తలా పాతిక రావాలి. వచ్చినవి: సన్నక్కకు పద్దెనిమిది, నవ్వులమ్మకు ఇరవై ఒకటి, కొత్తామెకు పంతొమ్మిది, అత్తగారికి నలభై రెండు.

ఆ నలభై రెండు రాసేటప్పుడు కలం ఒక్క క్షణం ఆగింది. ఆగి, మళ్ళీ కదిలింది. లెక్కంటే లెక్కేనని నమ్మిన మనిషి. అత్త అని తగ్గించి రాస్తే రేపు అద్దంలో ముఖం ఎలా చూసుకోవడం? ఇలాంటి తేడా మామూలుదో కాదో తేల్చే కై-స్క్వేర్ లెక్క వేసింది. పదిహేను పాయింట్ ఆరు వచ్చింది. నాలుగు గడుల పట్టికకు పుస్తకంలో ఉన్న హద్దు గీత ఏడు పాయింట్ ఎనిమిది ఒకటి. గీత దాటింది, అదీ రెట్టింపు దూరం.

మేడమ్ కాగితం తిప్పి తిప్పి చూసింది. "పదిహేను పాయింట్ ఆరు అంటే ఏంటి, నూటికి పదిహేనా?"

"కాదు మేడమ్. ఇది శాతం కాదు. మనం అనుకున్నదానికీ, వచ్చినదానికీ ఎంత దూరముందో చెప్పే కొలత."

"ఏదో అలా కలిసొచ్చి జరిగి ఉండొచ్చు కదా?"

"ఉత్తినే ఇంత దూరం రావడం వెయ్యిసార్లకు ఒకటో రెండో సార్లే జరుగుతుంది."

"అంటే మీ అత్త, మన పెద్దమ్మ చేతిది తప్పు కాకపోవడానికి వెయ్యిలో ఒక్క వంతు. అంతేగా?"

లెక్కలమ్మాయి తలూపింది.

ఆ ఊపిన తల వెనక్కి తీసుకోవడానికి ఆమెకు తర్వాత దాదాపు నెల పట్టింది. కానీ అప్పటికి మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేసింది. "నా చిన్నప్పుడు స్కూలు నుంచి వస్తే ఆ బల్ల కిందే ఆడుకునేదాన్ని. ఆమె నాకు మట్టితో పిట్టలు చేసిచ్చేది," అంది. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఒకటో తారీఖు నుంచి ప్యాకింగుకు మారుద్దాం. జీతం తగ్గించను. కానీ పిడుల బల్ల మీద వద్దు," అంది.

ప్యాకింగ్ అంటే కప్పులకు కాగితం చుట్టి పెట్టెల్లో సర్దడం. పంతొమ్మిదేళ్ళు పిడులు అద్దిన మనిషికి అది కూర్చోబెట్టి అన్నం పెట్టడం లాంటిదే. కడుపు నిండుతుంది, ముఖం చిన్నబోతుంది.

*

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలే మాట్లాడాయి. అత్తగారు గిన్నెలు తోముతుంటే ఒక్కో గిన్నె బోర్లించిన చప్పుడు ఒక్కో తిట్టులా వినిపించింది. స్కూలు బస్సు నడిపే మొగుడు ఇంట్లోకి వచ్చి, తల్లిని చూసి, పెళ్ళాన్ని చూసి, బస్సు కడగాలని గుర్తొచ్చి బయటికి వెళ్ళిపోయాడు.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి నేల మీద ఎదురుగా కూర్చుంది.

"అమ్మాయ్. నన్ను నా బల్ల మీంచి లేపిన లెక్కేదో నాకూ చెప్పు. ఏడవను, అరవను. తెలుసుకుని పోతా."

"అత్తయ్యా, నేను కావాలని..."

"కావాలని చేశావని నేనన్నానా? చెప్పమన్నాను. అంతే."

లెక్కలమ్మాయి కుట్టుపెట్టెలోంచి గుండీలు తెచ్చింది. నాలుగు సాసర్లు పరిచింది. గుండీలు గుప్పిట్లో కలిపి, కళ్ళు మూసుకుని నాలుగింట్లోకీ ఒక్కొక్కటే జారవిడిచింది. "చూడండి. చూడకుండా వేశాను. అయినా అన్నింట్లో సమానంగా పడలేదు. ఒకదాన్లో ఏడు, ఒకదాన్లో నాలుగు. ఇది మామూలు తేడా. దీనికెవరి తప్పూ లేదు."

"ఊఁ."

"ఇప్పుడొక సాసర్లో ఏకంగా పదిహేను పడ్డాయనుకోండి, మిగతా వాటిలో రెండేసి. అప్పుడేమంటారు?"

"ఎవరో ఆ సాసర్ని నీ చేతి కిందికి నెట్టారంటాను."

లెక్కలమ్మాయికి ఆ మాట ఎక్కడో చురుక్కుమంది గానీ, చెప్పే ఊపులో ఉంది. "అదీ! ఏ తేడా మామూలుదో, ఏ తేడా కాదో చెప్పేదే ఈ లెక్క. మీకు రావలసింది పాతిక, వచ్చింది నలభై రెండు. తేడా పదిహేడు. మిగతా ముగ్గురికీ తగ్గింది ఏడు, నాలుగు, ఆరు. అలాగే కూడితే ఎక్కువా తక్కువా కొట్టుకుపోయి సున్నా అవుతుంది. అందుకే ఒక్కో తేడాను దాంతోనే హెచ్చవేస్తాం. అప్పుడు తక్కువ కూడా ఎక్కువలాగే లెక్కకొస్తుంది. దాన్ని పాతికతో భాగించి అన్నీ కూడితే పదిహేను పాయింట్ ఆరు. అందులో పదకొండున్నర మీ ఒక్కరి గడిలోంచే వచ్చింది."

"వాటా నాదే పెద్దది. అదేనా?"

"అదే."

అత్తగారు గుండీలను కాసేపు వేలితో అటూ ఇటూ జరిపింది. తర్వాత అడిగింది. "సరే అమ్మాయ్. నీ లెక్క చూసింది కప్పు అడుగున గోటి నొక్కునా, నా చేతినా?"

"గుర్తునే కదా అత్తయ్యా చూసేది."

"పిడి అద్దిన కప్పు పలక మీద పెట్టి నేను చెయ్యి దులుపుకుంటాను. తర్వాత అది రెండు రోజులు ఆరుతుంది. ఎవరో మోస్తారు. ఎవరో బట్టీలో పెడతారు. నిప్పులో కాలుతుంది. ఎవరో దింపుతారు. నీ పుల్ల కిందికి వస్తుంది. ఇంత దూరం తిరిగొచ్చిన కప్పు పగిలిందంటే, బయల్దేరిన ఇంటిదే తప్పని ఎలా తేల్చావు?"

లెక్కలమ్మాయి గుండీలను మళ్ళీ గుప్పిట్లోకి తీసుకుంది.

పుస్తకంలో రాసి ఉన్న మాటే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మాటే. నలుగురూ ఒకటే అనుకుంటే ఇంత తేడా రావడం అరుదు, అని మాత్రమే ఆ అంకె చెబుతుంది. తేడా ఎందుకొచ్చిందో చెప్పదు. తప్పు ఎవరిదో అసలే చెప్పదు. వెయ్యిలో ఒకటి అన్నది తేడా ఉత్తినే వచ్చే అవకాశం గురించి. అత్తగారి చెయ్యి మంచిదయ్యే అవకాశం గురించి కాదు. ఈ రెండింటినీ మేడమ్ కలిపేసింది. తను తలూపింది.

"తలూపేశాను అత్తయ్యా," అంది చిన్న గొంతుతో.

"ఏంటి?"

"ఏంలేదు. పొద్దున్న నేను ముందు బయల్దేరతాను."

*

బట్టీ నింపేది పొద్దున్నే. అక్కడి పనికి పెద్ద, బట్టీ బాబాయి. అత్తగారిని నోరారా అక్కా అని పిలుస్తాడు. బట్టీ వేడికి కనుబొమలు ఎప్పుడో కాలిపోవడంతో ఎప్పుడు చూసినా ఆశ్చర్యపోతున్నట్టే ఉంటాడు.

"ఏం లెక్కలమ్మాయ్, అక్కను ప్యాకింగుకు తోలేశావంట కదా? ఇప్పుడు నా బట్టీ మీద పడ్డావా?"

"పడలేదు బాబాయ్. చూద్దామని వచ్చా. నువ్వు పని చేసుకో."

చూసింది. లోపల నాలుగు వరసలు, వెనక గోడ నుంచి తలుపు దాకా. వరసకు ఎనిమిది పలకలు, పలకకు పదిహేను కప్పులు. బాబాయి ముందుగా చేతులు కడుక్కుని, గోటి నొక్కు ఉన్న ఎనిమిది పలకలూ ఒక్కొక్కటే మోసుకెళ్ళి వెనక గోడ పక్కన పేర్చాడు. తర్వాత సన్నక్కవి. తర్వాత నవ్వులమ్మవి. చివర తలుపు పక్కన కొత్తామెవి.

"ఎప్పుడూ ఇదే వరసా బాబాయ్?"

"ఎప్పుడూ ఇదే." అతను రొమ్ము విరిచాడు. "పెద్దయ్యగారు ఉన్న రోజుల నుంచీ మొదటి వరస అక్కదే. చెయ్యి చల్లనిదని. అక్క పలకలు లోపలికి పోకుండా ఇంకొకరి పలక ముట్టుకుంటే ఒట్టు! పిడుల బల్ల మీద పెద్దావిడకు ఇచ్చే మర్యాద అది. ఈ చేతుల్తో నేనెప్పుడూ తప్పలేదు."

"మరి మంట ఎక్కడి నుంచి వస్తుంది?"

"ఇదివరకు తలుపు పక్కనుండి వచ్చేది. మూడు నెలల కిందట కొత్త గ్యాసు బర్నర్ పెట్టారు కదా, ఇప్పుడు వెనక గోడలోంచి..."

బాబాయి లేని కనుబొమలు ఇంకాస్త పైకి పోయాయి. చేతిలో పలకను మెల్లగా కింద పెట్టాడు. పసిబిడ్డను దింపినట్టు.

"అమ్మాయ్. అంటే నేనేనా?"

"ఇంకా తెలీదు బాబాయ్. నిన్న తెలుసని తలూపే ఇంత తెచ్చాను. ఇవాళ తెలీదనే అంటాను."

*

మేడమ్ వినడం విన్నది గానీ ముఖం ముడిచింది. "నిన్న తల కిందికీ పైకీ ఊపావు. ఇప్పుడు అడ్డంగా ఊపుతున్నావు. మధ్యలో ఇంటికెళ్ళి అత్త చేతి భోజనం చేసొచ్చావు. నేనేమనుకోవాలి?"

"అలా అనుకోవడంలో తప్పులేదు మేడమ్. నిన్న నా అంకె సరైనదే, నేను ఒప్పుకున్న అర్థం తప్పు. పగుళ్ళు గుర్తును బట్టి మారుతున్నాయని అది చెప్పింది. కానీ మన దగ్గర గుర్తూ, బట్టీలో వరసా ఒకటే. గోటి నొక్కున్న కప్పు ప్రతిదీ వెనక గోడ పక్కనే కాలింది. చెయ్యి తప్పో, చోటు తప్పో విడదీయలేం. విడదీయాలంటే చోట్లు కలపాలి."

"ఎలా?"

"ప్రతి వరసలోనూ నలుగురివీ రెండేసి పలకలు పెడదాం. ఎవరివి ఏ రెండు, వరసలో ఎక్కడ, అన్నది చీటీలు తీసి. ఒకటో తారీఖులోపు పదహారు బట్టీలు దిగుతాయి. వరసను బట్టి ఒక లెక్క, మనిషిని బట్టి ఒక లెక్క. మనిషి లెక్క మళ్ళీ గీత దాటితే ప్యాకింగ్ కాగితం మీద నేనే రాసిస్తాను."

పిడుల బల్ల దగ్గర ఈ సంగతి చెప్పినప్పుడు సన్నక్క మూతి తిప్పింది. "కప్పులు అత్తవి. తట్టే చెయ్యి కోడలిది. మధ్యలో మా పలకలు పంచిపెట్టడానికా? అక్క పగుళ్ళు మా నెత్తికి రుద్దుతారేమో!"

"నిజమే," అంది లెక్కలమ్మాయి. "అందుకే చీటీలు నువ్వు తియ్యి. నేను కప్పు తట్టేటప్పుడు అడుగు చూడను. కప్పులు ఏ వరసవి ఆ వరసగానే దింపుతారు. బాగుందో లేదో నేను చెబుతాను, నువ్వు తిప్పి గుర్తు చూసి, వరసతో సహా రాయి."

సన్నక్క తడి స్పాంజిని బల్ల మీద విసిరింది. "నా కళ్ళు సూదులు. గుర్తుపెట్టుకో," అంది.

"సూదులే కావాలి నాకు."

అందరికంటే కష్టపడింది బట్టీ బాబాయి. ఇన్నేళ్ళ అలవాటుతో మొదటి రోజు చెయ్యి దానంతటదే అక్క పలకల మీదికి పోయింది. సన్నక్క చీటీ చదువుతుంటే దేవులాడుకుంటూ పెట్టాడు. అక్క పలకల కంటే ముందు కొత్తామె పలక లోపలికి పోయినప్పుడు తప్పు చేసినవాడిలా అక్క వైపు చూశాడు. అత్తగారు ముఖం పక్కకు తిప్పుకుంది. మర్యాద పోయినందుకు బాధ లేదనడానికి లేదు.

*

నాలుగు బట్టీలు దిగాయి. పగిలినవి ఇరవై. అందులో గోటి నొక్కువి తొమ్మిది.

సన్నక్క పుస్తకం టప్పున మూసి పక్కకు నెట్టింది. లెక్కలమ్మాయి దాన్ని మళ్ళీ తెరిచి, గోటి నొక్కులు మరోసారి లెక్కపెట్టింది. చోట్లు కలిపినా తొమ్మిదేనా? అయితే మొదట అనుకున్నదే నిజమా? తను బట్టీ దగ్గరికి పరిగెత్తింది నిజం కోసమా, ఇంట్లో గిన్నెల చప్పుడు తగ్గించుకోవడం కోసమా?

మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని లెక్కేసింది. తలా అయిదు రావాలి. తొమ్మిది, నాలుగు, నాలుగు, మూడు వచ్చాయి. నాలుగు పాయింట్ నాలుగు. గీతకు చాలా దూరం. ఇరవై కప్పులు మరీ చిన్న గుప్పెడు. అయినా మనసు ఊరుకోదు కదా, మనసుకు గీతలు తెలియవు.

అసలు చిక్కు అత్తగారి దగ్గర మొదలైంది. చేతి మీద ఆమెకే నమ్మకం జారిపోతోంది. అద్దిన పిడిని మళ్ళీ ఒత్తడం, స్పాంజి మళ్ళీ మళ్ళీ తిప్పడం. నూట ఇరవై అయ్యేసరికి మిగతావాళ్ళు చెప్పులేసుకుని నిలబడుతున్నారు.

ఆ సాయంత్రం బాబాయి లెక్కలమ్మాయిని గోడ పక్కకు పిలిచాడు. "అమ్మాయ్, రేపటి నుంచి అక్కవి ఒకటి రెండు పలకలు తలుపు వైపుకి జరిపేస్తా. చీటీలో ఏముందో ఎవరు చూడొచ్చారు? నా వల్ల మొదలైంది, నేనే సర్దుతా."

ఆమె నోరు తెరిచేలోపు వెనక నుంచి అత్తగారి గొంతు ఖణేలుమంది. "తమ్ముడూ!"

బాబాయి గోడకు జరిగాడు.

"మర్యాద చేసి ఒకసారి ముంచావు. జాలిపడి రెండోసారి ముంచుతావా? జరిపిన పలకతో గెలిస్తే, రేపు పిడి అద్దేటప్పుడు నా చెయ్యి నన్నే అడుగుతుంది, నిన్ను నిలబెట్టింది నేనా, తమ్ముడా అని. ఏం చెప్పను దానికి?"

"అది కాదక్కా..."

"చీటీలో ఉన్నచోటే పెట్టు. పగిలితే పగలనీ."

అత్తాకోడళ్ళిద్దరూ ఇంటిదారి పట్టారు. వీధి మలుపులో అత్తగారు అంది. "అమ్మాయ్, తొమ్మిదంట కదా."

"ఊఁ."

"భయపడ్డావా?"

"పడ్డాను."

"నేనూ పడ్డాను." ఇంకో నాలుగడుగులు వేసింది. "గుండీలు వేసినప్పుడు ఒకదాన్లో ఏడు పడ్డాయే, అలాంటిదేనా ఇది?"

"అలాంటిదే కావచ్చు. కాకపోనూవచ్చు. ఇంకా పన్నెండు బట్టీలున్నాయి. పిడిని మీరు రెండుసార్లు ఒత్తితే మాత్రం లెక్క పాడవుతుంది అత్తయ్యా. ఎప్పుడూ చేసినట్టే చెయ్యండి. మనం కొలిచేది మీ పంతొమ్మిదేళ్ళ చేతిని. ఈ వారం భయపడ్డ చేతిని కాదు."

అత్తగారు నడక ఆపి కోడల్ని ఎగాదిగా చూసింది. "నోరుంది నీకు," అంది. కానీ మర్నాడు ఎప్పటిలా చేసింది. చెయ్యి అద్దింది, స్పాంజి ఒక్క చుట్టు తిరిగింది, గోరు నొక్కింది, తర్వాతి కప్పు. మూడున్నరకల్లా నూట ఇరవయ్యోది పలక ఎక్కింది. నవ్వులమ్మ విజిలేసింది. నవ్వులమ్మకు విజిల్ వేయడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు.

*

పదహారో బట్టీ దిగిన రోజు తనిఖీ గదిలో నిలబడడానికి చోటు లేదు. మేడమ్ తలుపు దగ్గర కుర్చీ వేయించుకుంది. లెక్కలమ్మాయి తట్టింది, సన్నక్క రాసింది. చివరి కప్పు ఖంగుమన్నాక సన్నక్క పుస్తకాన్ని తనే బల్ల మీద పెట్టి, తనే చదివింది. ఇన్ని రోజుల్లో ఆమెకు ఆ పుస్తకం మీద ఒక అధికారం వచ్చేసింది.

"మొత్తం పగిలినవి ఎనభై. చుక్క పదిహేడు. అడ్డగీత ఇరవై రెండు. రెండు గీతలు పద్దెనిమిది. గోటి నొక్కు..." ఇక్కడ కాస్త ఆగింది, ఆగడం ఆమెకు ఇష్టం. "ఇరవై మూడు."

"ఇరవై మూడా! ఇంకా నాదే పెద్దదా?" అత్తగారు ఒక్క అడుగు ముందుకేసింది.

"ఉండండి అత్తయ్యా." లెక్కలమ్మాయి అందరికీ కనబడేలా గోడకున్న నల్లబల్ల మీద రాసింది. "తలా ఇరవై రావాలి. తేడాలు మూడు, మూడు, రెండు, రెండు. హెచ్చవేసి కూడితే ఇరవై ఆరు. దాన్ని ఇరవైతో భాగిస్తే ఒకటి పాయింట్ మూడు. గీత ఎక్కడుంది?"

"ఏడు పాయింట్ ఎనిమిది," అంది మేడమ్. ఆమెకు ఆ అంకె మర్చిపోవడం ఈ నెలంతా కుదరలేదు.

"ఒకటి పాయింట్ మూడంటే గుండీలు కళ్ళు మూసుకుని వేసినా అంత తేడా వస్తుంది. ఇప్పుడు ఇవే ఎనభై కప్పుల్ని వరసల ప్రకారం చూద్దాం. సన్నక్కా, చదువు."

"వెనక గోడ నలభై ఒకటి. రెండో వరస పదిహేను. మూడు, పదమూడు. తలుపు పక్కన పదకొండు."

ఈసారి సుద్దముక్క కూడికకు చేరకముందే గదిలో గుసగుసలు మొదలయ్యాయి. ఇరవై తొమ్మిది పాయింట్ ఎనిమిది. లెక్క రానివాళ్ళకు కూడా ఆ రెండు అంకెల మధ్య దూరం కనబడింది.

మేడమ్ కుర్చీలోంచి ముందుకు వంగింది. "అయితే తప్పు వెనక గోడది. ఖాయమేనా? ఈసారి తల జాగ్రత్తగా ఊపు."

లెక్కలమ్మాయి తల ఊపలేదు. "చోటును బట్టి పగుళ్ళు మారుతున్నాయి మేడమ్. అక్కడ వేడి ఎక్కువో, గాలి తక్కువో, పలక పెట్టే అర వంకరగా ఉందో ఈ అంకెకు తెలీదు. బర్నర్ బిగించినవాణ్ని పిలిపిస్తే అతనికి తెలుస్తుంది. ఎక్కడ వెతకాలో మాత్రం మనకు తెలిసింది."

"వెతికేదాకా ఆ వరసలో?"

"సాసర్లు పెట్టండి మేడమ్," అంది నవ్వులమ్మ. "ఊడటానికి వాటికి పిడులే లేవు!"

అందరూ నవ్వారు. మేడమ్ కూడా. నవ్వుతూనే ఆమె లేచి వచ్చి అత్తగారి ముందు నిలబడింది. ఏదో అనాలని ఉంది, యజమానులకు అలాంటి మాటలు అలవాటు తక్కువ. "పెద్దమ్మా, నేను తొందరపడ్డాను. నీ బల్ల నీదే," అంది.

"తొందరపడటానికి కాగితం ఇచ్చింది మా ఇంటిదేలే," అంది అత్తగారు. గదిలో ఇంకోసారి నవ్వులు.

మేడమ్ వెళ్ళాక, జనం పల్చబడ్డాక, అత్తగారు నల్లబల్ల దగ్గరికి వచ్చి ఒకటి పాయింట్ మూడు మీద వేలు పెట్టింది. "అమ్మాయ్, నా చెయ్యి మంచిదని రాసిందా ఇది?"

అవునంటే ఎంత బాగుండును. ఒక్క మాట ఖర్చు. లెక్కలమ్మాయి సుద్దముక్క కింద పెట్టింది.

"రాయలేదు అత్తయ్యా. ఇది ఎవరికీ మంచి చెయ్యి అని రాసివ్వదు. మీ చేతికీ మిగతా మూడు చేతులకూ తేడా ఉందనడానికి ఈ ఎనభై కప్పుల్లో దానికేమీ దొరకలేదు. అంతవరకే."

అత్తగారు ఆ మాటను కాసేపు నోట్లో పెట్టుకుని నమిలినట్టు చూసింది. తర్వాత ముఖం విప్పారింది.

"అబద్ధం చెప్పలేదు చూడు. ఇది చాలు నాకు. మంచిదో కాదో చెప్పుకోవడానికి చెయ్యి ఉంది కదా, రేపు అదే చెప్పుకుంటుంది."

బయట బట్టీ పక్కన ఖాళీ పలకల మీద బాబాయి తల వంచుకుని కూర్చున్నాడు. అక్క చేతి చలవ కోసం ఇన్నేళ్ళు చేసిన మర్యాద మూడు నెలలపాటు అక్క కప్పుల్ని పగలగొట్టిందన్న సంగతి అతనికి మింగుడు పడలేదు. అత్తగారు వెళ్ళి అతని పక్కనే చతికిలబడింది.

"ఏం తమ్ముడూ, ముఖం అలా పెట్టావు? మంటను అటు మార్చింది నువ్వా?"

"కాదు గానీ, చూసుకోవద్దా అక్కా? రోజూ ఈ చేతుల్తోనే పెట్టానే."

"నేనూ రోజూ చూశాను, ఈ కళ్ళతోనే. మొదటి వరస నాదని మురిసిపోయాను. చూసుకోని పాపంలో సగం నాది." మోచేత్తో అతన్ని పొడిచింది. "రేపు నా పలకలు ఎక్కడ పెడతావు?"

అతను తలెత్తి ఆలోచించాడు. ఎంత ఆలోచించినా మర్యాదకూ లెక్కకూ రెండింటికీ సరిపోయే చోటు తట్టలేదు. "నువ్వే చెప్పక్కా," అన్నాడు చివరికి.

"నలుగురివీ కలిపి పెట్టు. ఎప్పటికీ అలాగే పెట్టు. రేపు ఇంకేదైనా చోటు పాడైతే నలుగురి కప్పులూ పగులుతాయి. అప్పుడు ఒకళ్ళ చేతిని కాదు, మంటను అనుమానిస్తారు."

తలుపు దగ్గర నిలబడి విన్న లెక్కలమ్మాయి నిర్ఘాంతపోయింది. మూడేళ్ళ కాలేజీ చదువులో ఆ సంగతిని ఇంత తేలిగ్గా చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. బల్ల మీదున్న పుస్తకం తీసి, రేపటి తేదీ వేసి, కొత్త పట్టిక గీసింది. ఈసారి గుర్తుకు ఒక గడి, వరసకు ఒక గడి.

"సన్నక్కా," అని కేకేసింది, "రేపూ వస్తావా రాయడానికి?"

"రాక?" అంది సన్నక్క చెప్పులు వెతుక్కుంటూ. "నేను లేకుండా నువ్వు తట్టు, చూస్తాను!"